సున్నా ఎక్కడ పెట్టాలి

నలభై దాటాక ఓపెన్ ఇంటర్ కడుతూ నేను లెక్కలు ఎంచుకున్నది తెలివితో కాదు, పంతంతో. మా అత్తమ్మ లెక్కల టీచరుగా రిటైరై నాచారంలో మా దగ్గరే ఉంటున్నారు. "హిస్టరీ తీస్కో బిడ్డా, నీకు అల్కగుంటది" అన్నారు. ఆ మాటతో రోషమొచ్చి లెక్కలకే టిక్కు పెట్టాను.

సరళరేఖల దగ్గర నా పరువు పోయింది. 3x + 4y = 12 ఇచ్చి, ఆ గీత రెండు అక్షాలను ఎక్కడ తాకుతుందో, అంటే అంతరఖండాలు కనుక్కోమన్నారు. అడిగింది ఎక్స్ అంతరఖండం కదా అని ఎక్స్ దగ్గర సున్నా పెట్టాను. మూడు వచ్చింది. అది వై అంతరఖండమన్నారు అత్తమ్మ. నేను పళ్ల క్లినిక్‌లో రిసెప్షనిస్టుని, రోజంతా పేషెంట్లకు సర్దిచెప్పడమే నా పని. అదే గొంతుతో, పుస్తకంలో అచ్చుతప్పు ఉండొచ్చని ఆవిడకూ సర్దిచెప్పాను.

ఆవిడ సుద్దముక్కతో నేల మీద రెండు అక్షాలు గీశారు.

"అడ్డగీత మీద నిలబడ్డవనుకో. పైకి ఎంత ఎక్కినవ్?"

"ఎక్కలేదత్తమ్మా."

"మరి వై ఎంత?"

సున్నా. అప్పుడు 3x = 12, ఎక్స్ నాలుగు. ఇంత సులువైనదాన్ని ముందే చెప్పొచ్చు కదా అని ఆవిడ మీదే విసుక్కున్నాను.

ఉప్పల్‌లో పరీక్ష రాసిన రోజు 2x − 5y = 10 వచ్చింది. ఎక్స్ అంతరఖండం ఐదు, వైది మైనస్ రెండు. ఆ మైనస్ నాకు నచ్చలేదు, ఎక్కడో పొరపాటు చేశాననుకుని దాన్ని కొట్టేసి ఉత్త రెండు ఉంచాను. అంతటితో ఆగానా? బయటికొచ్చాక, మైనస్ రెండు రాసిన రైల్వే ఉద్యోగి ఒకాయన్ని నిలబెట్టి, అది ఎందుకు తప్పో బస్సు వచ్చేదాకా వివరించాను. ఆయన తలూపుతూ విన్నాడు.

ఇంట్లో చెబితే అత్తమ్మ నవ్వాపుకోలేకపోయారు. "గీత కిందికి గూడ పోతది గదా బిడ్డా."

తర్వాతి పరీక్షకు త్వరగా వెళ్లి గేటు దగ్గర ఆయన కోసం కాచుకున్నాను. మీదే కరెక్టు, నాదే తప్పు అని ఒప్పుకున్నాను.

"నాకెర్కేనక్కా" అన్నాడాయన. "మీరు గంత ధైర్యంగ చెప్తుంటే కాదనబుద్ధి కాలే."

లెక్కల్లో పాసయ్యాను. మార్కులెన్నో అత్తమ్మ అడగలేదు. నేనూ చెప్పలేదు.