ఆసుపత్రి మేడమ్ కుర్చీ

మా ఎదురింట్లో పేము కుర్చీలు అల్లే మేస్త్రికి, ఫోన్లలో లక్షల మంది చూసేసరికి పొగరెక్కిందట. ఆసుపత్రిలో చీటీలు రాసే మేడమ్‌ను పట్టుకుని, నీకు పని మీద మనసు లేదని మొహం మీదే అన్నాడట. అందుకే ఆవిడ నలభై కుర్చీల పని ఇవ్వనందట. ఈ మాట కూరల బండి దగ్గర విన్నాను, ఇస్త్రీ బల్ల దగ్గర విన్నాను. మా వియ్యపురాలైతే ఫోన్ చేసి మరీ చెప్పింది. ముప్పై ఏళ్లుగా ఎదురింట్లో ఉన్న నాకు తెలియని సంగతి వాళ్లకెలా తెలిసిందా అని రెండు రోజులు నా కాలు ఒకచోట నిలవలేదు. నేను చదివింది ఐదో తరగతే. అడిగి తెలుసుకోవడానికి ఆ చదువు చాలు.

ముందు మనిషి సంగతి చెప్పాలి. మేస్త్రి చిన్నతనంలో సామాన్ల గోడౌన్‌లో కుర్చీలు మోసేవాడు. తర్వాత మేనమామ దగ్గర అల్లిక నేర్చుకున్నాడు. తెగిన కుర్చీ తీసుకెళ్తే ముందు కుర్చీని చూడడు. మనల్ని గుమ్మం పక్కనున్న పాత కుర్చీలో కూర్చోమని, తాను తొట్టిలో పేము తడుపుకుంటూ, చూడనట్టే చూస్తాడు. బరువు ఎటు వేస్తామో కనిపెట్టి అక్కడ వరస పెంచుతాడు. మా ఆయన కుర్చీకి ఎడమ పక్క ఒక వరస ఎక్కువ. పేపరు పట్టుకుంటే ఆయన అటే ఒరిగిపోతారు మరి. నన్ను చూసి, "అక్కా, కుర్చీ ఎటున్నా మీరు మాత్రం వీధి వైపే కూర్చుంటారు" అన్నాడు. ఒళ్లు మండింది. కానీ పదకొండేళ్లయింది, అతను అల్లిన నా కుర్చీ ఇంతవరకూ కిర్రుమనలేదు.

మేస్త్రి కోడలు చురుకైన పిల్ల. కంపెనీలకు ప్రచారం చేసిపెట్టే ఒక ఆఫీసులో ఉద్యోగం కోసం తిరుగుతోంది. మామగారు మనుషుల్ని కూర్చోబెట్టి మాట చెప్పడం వీడియో తీసి, "కూర్చుంటే చాలు, మీ గుట్టు చెప్పేస్తాడు" అని పెట్టింది. ఇక జనం చూడండి. ఒకడు కూర్చుంటాడు, ఇంకొకడు తీస్తాడు, ఇద్దరూ నవ్వుకుంటూ పోతారు. విరిగిన కుర్చీ తెచ్చిన పాపాన ఒక్కడూ పోలేదు. కుర్చీ నెత్తిన పెట్టుకొచ్చిన పాతవాళ్లు మాత్రం ఆ గుంపును చూసి వెనక్కి తిరిగిపోయేవారు. మేస్త్రి చేతిలో పేము ఆరిపోయేది, మళ్లీ తడిపేవాడు, మళ్లీ ఆరిపోయేది.

ఆ గుంపులోకే వచ్చింది ఆసుపత్రి మేడమ్, తన కుర్చీ ఒకటి పట్టుకుని. అది బాగా కుదిరితే రోగులు కూర్చునే నలభై కుర్చీలూ మేస్త్రికే ఇస్తామని డాక్టరుగారి మాట. ఆరు నెలల పని అది. కోడలు అదీ తీసింది. నేను ఆ వీడియో నాలుగుసార్లు చూశాను. మేస్త్రి అంటాడు, "మీరు అంచు మీదే కూర్చుంటారు, ఎప్పుడు లేద్దామా అన్నట్టు." అక్కడితో ఆగిపోతుంది. కింద పెద్ద అక్షరాలతో, "పని మీద మనసు లేని మేడమ్."

అంటే ఆ మాట మేస్త్రిది కాదు, కోడలు రాసింది. ఇంత మాత్రం మొదటిరోజే తేలింది. ఊరి నోటికి ఆ తేడా ఎక్కడ పట్టింది?

కోడల్ని అడిగాను. బియ్యం ఏరుతున్నదల్లా చేట పక్కన పెట్టి ఫోన్ చూపించింది. "చూడండి పెద్దత్తయ్యా, మూడు లక్షలు. దీన్ని చూసే ఆ ఆఫీసువాళ్లు నన్ను పిలిచారు. ఇప్పుడు తీసేస్తే ఏం చూపించను?"

"మూడు లక్షల మందిలో కుర్చీ ఎవరు తెచ్చారే?"

"ముందు పేరు రావాలి కదా, పని తర్వాత అదే వస్తుంది" అంది. అంటూనే చేట అందుకుంది గానీ, ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరింది.

బీపీ వంక పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. మేడమ్ స్టూలు మీద కూర్చుని చీటీలు రాస్తోంది. నా ముందు నిలబడ్డ కుర్రకుంక, "ఈరోజైనా మనసు వచ్చిందా మేడమ్?" అన్నాడు. ఆవిడ తలెత్తలేదు. పేరు చెప్పు అంది. పదిహేడేళ్లుగా ఆ బల్ల దగ్గర ఉందట. అరగంటలో ఎన్నిసార్లు లేచిందో! ఒక ముసలాయన్ను పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది, పిల్ల వాంతి చేసుకుంటే తల్లికి నీళ్లిచ్చింది, మళ్లీ వచ్చి అంచు మీదే కూర్చుంది. కుర్చీల మాటెత్తితే, "ప్లాస్టిక్‌వి చూస్తున్నామండీ, సోమవారం చెప్పేస్తాం" అని ఊరుకుంది.

ఇక ఇంట్లో కాలు నిలిచేదెలా? తిన్నగా మేస్త్రి దగ్గరికే పోయాను. కోడలు లేదు, జనమూ లేరు. మేడమ్ కుర్చీ ఒళ్లో పెట్టుకుని చివరి ముడి వేస్తున్నాడు. ఆ పాత కుర్చీలో కూలబడి, "ఇదిగో తమ్ముడూ, డొంకతిరుగుడు నాకు చేతకాదు. ఆవిణ్ణి ఆ మాట అన్నావా, లేదా?" అన్నాను.

అతను ముడి బిగించి, మిగిలిన కొస కత్తిరించి, అప్పుడు నోరు విప్పాడు.

"అన్నానక్కా. అంచు మీద కూర్చుంటారనే అన్నాను. ఎవరు పిలిచినా లేవాలి కాబట్టి అలా కూర్చుంటారు, ముందు వైపు రెండు వరసలు ఎక్కువ వేస్తాను, అంచు మోకాళ్ల కింద కోసుకోదు, అని కూడా అన్నాను. ఆ రెండో మాట పొడుగైపోయిందని మా కోడలు వీడియోలోంచి తీసేసింది. అసలు వీడియోనే తీసెయ్యమన్నాను, ఉద్యోగం అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనే వెళ్లి తప్పయిపోయిందని చెబుదామంటే, అదీ ఎవడో వీడియో తీస్తాడు. సోమవారంలోగా ఈ కుర్చీ ఆవిడ కిందికి చేరాలి. మీరు ఎలాగూ ఆసుపత్రికి మళ్లీ వెళ్తారు, వెళ్లకుండా ఉండలేరు. తీసుకెళ్లి కూర్చోబెట్టండి. మీ ఫోన్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి."