అంజమ్మత్త వల పరీక్ష

ఈ ఏడు మా చెరువుకు చేపపిల్లల లారీ వచ్చిన ఉదయం, నీళ్లలో తేలుతున్న సంచి మూతి విప్పి చెయ్యి లోపల పెట్టాను. వేళ్ల సందుల్లోంచి సన్నని, చల్లని కదలికలు. చేపపిల్లలు అరచేతిని రాసుకుంటూ చెరువులోకి జారిపోతుంటే అంజమ్మత్త గుర్తొచ్చింది. "చక్కిలిగింతలు పెట్టినట్టుంటది పిల్లా" అనేది ఆమె, చివరి సంచి ఖాళీ అయ్యేదాకా ఒడ్డుకు రాకుండా.

కట్టంగూర్ దగ్గరి ఈ ఊరికి నేను కోడలిగా వచ్చేనాటికి తెలంగాణ ఏర్పడి ఎంతో కాలం కాలేదు. అంజమ్మత్తది మా పక్కిల్లు. చుట్టరికం లేదు, వరుస కలుపుకొని అత్తా అని పిలిచేదాన్ని. ఆమె భర్త మల్లయ్య మామ చెరువులో చేపలు పడితే, ఆమె గంపకెత్తుకుని ఆటోలో నకిరేకల్ పోయి అమ్మేది. పిల్లలు లేరు. కొత్త ఊళ్లో బిక్కుబిక్కుమంటున్న నాకు గోడ మీదుగా కూర గిన్నె అందించి, "ఉప్పు సరిపోయిందా, జర చూసి చెప్పు" అని మాట కలిపింది ఆమే. ఉప్పు ఎప్పుడూ సరిపోయే ఉండేది. నాతో మాట్లాడించడానికే ఆ అడగడమని తర్వాత అర్థమైంది.

మల్లయ్య మామ ఒకనాడు ఉన్నట్టుండి గుండెనొప్పితో పోయాడు. మా చెరువులో చేపలు పట్టే హక్కు మత్స్య సహకార సంఘం సభ్యులకే ఉంటుంది. సర్కారు ఉచితంగా ఇచ్చే చేపపిల్లలైనా, సబ్సిడీ మీద ఇచ్చే బండ్లయినా సంఘం ద్వారానే వస్తాయి. సంఘంలో ఉన్నవాళ్లంతా మగవాళ్లే. దినాలయ్యాక ఆమె మరిది నర్సయ్య వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "వదినా, అన్న జాగాల నా కొడుకును పెడుదమనుకుంటున్నం. నువ్వు వల ఇసురుతవా ఏందే" అన్నాడు. మాటలో ద్వేషం లేదు. అది సహజమనే అనుకున్నాడు. మర్నాడు అంజమ్మత్త నన్ను తోడు తీసుకుని నల్గొండ మత్స్యశాఖ ఆఫీసుకు బయలుదేరింది.

అక్కడి అధికారి నెమ్మదైన మనిషి. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"సార్, ఆడోళ్లు వద్దని రూల్స్‌ల ఉన్నదా?" అని అడిగింది ఆమె.

"లేదమ్మా. కానీ పరీక్ష ఉంటది. ఈత రావాలె, వల విసరాలె, వల అల్లాలె. ఎవరికైనా అదే."

"గంతేనా!" అని లేచింది అంజమ్మత్త. బయటికొచ్చాక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఈత ఆమెకు చిన్నప్పటి నుంచే వచ్చు. వల అల్లడం కూడా వచ్చు. విసరడమే రాదు. మల్లయ్య మామ వల భుజాన వేసుకుని, నేను తప్ప ఎవరూ లేని వేళ చూసి కల్లంలో పొడి నేల మీద విసరడం మొదలుపెట్టింది. వల విచ్చుకోక ముద్దలా పడేది. ఒకసారి సరిగ్గా విచ్చుకుని, గింజలేరుకుంటున్న మా కోడిపెట్ట మీద పడింది. ఇద్దరం కూలబడి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాం. మామ పోయాక ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు.

పరీక్షనాడు చెరువు కట్ట మీద ఊరంతా చేరింది. చీర కొంగు బిగించి అంజమ్మత్త ఈదింది, వల అల్లి చూపించింది. విసరబోయేసరికి వల మెలిపడి కాళ్ల దగ్గరే పడింది. మళ్లీ విసిరినా అంతే. కట్ట మీద ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారికి జాలేసినట్టుంది. దగ్గరికొచ్చి మెల్లగా, "రెండు వచ్చినయి కదమ్మా, పాస్ రాస్త తియ్యి" అన్నాడు.

"వద్దు సార్. గిట్ల లోపలికొస్తె జాలిపడి తీసుకున్నరనే అంటరు. మల్లొస్త" అంది ఆమె.

ఆ సాయంత్రం గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. కళ్లు తుడుచుకుని తనే అంది, "వల మీ మామ చేతికి అల్లింది. అంచుకు కట్టిన గుండ్లు బరువు. నా చేతికి తగ్గట్టు నేనే అల్లుకోవాలె." ఆ ఎండాకాలమంతా నీడపట్టున కూర్చుని కొత్త వల అల్లింది. నాకూ నేర్పింది.

మళ్లీ పరీక్ష పెట్టినప్పుడు అధికారి ముందుగా స్కేలు పెట్టి వల కన్ను కొలిచాడు, చిన్న చేపపిల్లలు చిక్కేంత సన్నగా ఉండకూడదు కనుక. సరేనన్నాక ఆమె నీళ్లలోకి దిగి, నడుము తిప్పి విసిరింది. వల గుండ్రంగా విచ్చుకుని నీటి మీద పరుచుకుంది. కట్ట మీద ఎవరూ నవ్వలేదు. నర్సయ్యే అందరికంటే ముందు, "మా వదిన వల పడ్డదిరో" అని కేకేశాడు.

సంఘంలో తన మొదటి మీటింగుకు నన్నూ రమ్మంది. ఆడవాళ్లు ఏదైనా వినాలనుకుంటే చూరు కింద నిలబడటమే అప్పటిదాకా అలవాటు. ఆమె నేరుగా లోపలికి పోయి జంపఖానా నడుమ కూర్చుంది. ఆనాడు మగవాళ్లు, రేటు బాగుంది కాబట్టి చేపలు ఎదగకముందే పట్టి అమ్ముదామంటున్నారు. కొందరు దోమతెర వలలు కూడా తెచ్చిపెట్టుకున్నారు. అంజమ్మత్త లేచి నిలబడింది.

"సర్కారు పిల్లలనిచ్చింది, పెంచుడు మన పని. అరచెయ్యంత లేని చేపను నా గంపల పెట్టుకొని నేనైతే నకిరేకల్ పోను. మీరే పోయి అమ్ముకోండ్రి."

అమ్మేది ఆడవాళ్లే కదా. మగవాళ్లు ఆగుదామని ఒప్పుకున్నారు. ఆ ఏడు సంక్రాంతి దాటాకే వలలు పడ్డాయి. చేపలు రెండు చేతులా ఎత్తాల్సినంత పెరిగాయి.

ఆనాటి మీటింగులో మాట్లాడటం అయ్యాక ఆమె వెంటనే కూర్చోలేదు. వాకిలి దగ్గర నిలబడ్డ నన్ను చూసి, పక్కనున్న పెద్దమనిషితో "జర జరుగు తాతా, మా పిల్ల కూసుంటది" అంది. ఆయన విస్తుపోయి జరిగాడు. నేను సభ్యురాలినైంది మరో రెండేళ్లకు. నా సంఘం జీవితం మాత్రం ఆ జరిగిన జాగాలోనే మొదలైంది.

అంజమ్మత్త జబ్బుచేసి మమ్మల్ని విడిచి పోయి కొన్నేళ్లైంది. ఇప్పుడు సంఘంలో మేం చాలామంది ఆడవాళ్లం ఉన్నాం. మీటింగుకు పోయిన ప్రతిసారీ పక్కన మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చుంటాను. కాసేపటికి వాకిట్లో ఎవరో ఒకామె వచ్చి, లోపలికి రావాలా వద్దా అని తచ్చాడుతుంది. నేను నేల మీద చెయ్యి తట్టి పిలుస్తాను.