ఉప్పు నేస్తం

అరకు నుంచి నందపురం వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో రాళ్ళ ఉప్పు ప్యాకెట్ పెట్టుకుని, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుంది. నందపురం ఒకప్పుడు కొండరాజుల రాజధాని. సముద్రపు ఉప్పు ఎద్దుల మీద ఆ దారినే వెళ్ళేదని చదివి, రాజుగారి సింహాసనం మెట్లు చూద్దామని నేను బయలుదేరాను.

"అక్కడ మీకెవులున్నారమ్మా?" అంది.

"ఎవరూ లేరు. ఊరు చూద్దామని."

"ఎవులూ నేని ఊర్లో ఏటి సూత్తారు?"

నిజంగానే జాలిపడింది. నాకు ఒళ్ళు మండింది.

"మా ముత్తాత ఉప్పు తెచ్చినపుడల్లా ఆ ఊర్లో ఒకరింట్లో దిగీవోడు. అప్పుట్నుంచీ రెండిళ్ళకీ నేస్తరికం. ఇపుడు నేనూ, ఆ ఇంటి కోడలూ నేస్తాలం. పేరెట్టి పిలుసుకోం."

"అక్కడ ఉప్పు దొరకదా?" అన్నాను, కావాలనే.

"కొట్టు కొట్టుకీ దొరుకుతాది," అని నవ్వింది.

బస్సు ఆగగానే ఒక కొండావిడ "నేస్తం!" అంటూ పరిగెత్తుకొచ్చింది. ప్యాకెట్ లాక్కుని, అక్కడే పంటితో చింపి, ఒక ఉప్పురాయి నోట్లో వేసుకుంది. ఇద్దరూ చేతులు పట్టుకుని వెళ్ళిపోయారు. నావైపు తిరిగి చూడనైనా లేదు.

సింహాసనం మెట్ల మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర ఒక్కదాన్నే తిన్నాను. వాళ్ళు ఏ వీధిలోకి వెళ్ళారా అని చూస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక వంటింట్లో డబ్బా మూత తీసి, ఒక ఉప్పురాయి నోట్లో వేసుకున్నాను.

ఉత్త ఉప్పే.