రేపు మాస్టారు

పచ్చబొట్లు పొడిచే మాస్టారికి జబ్బు ఒక్కటే. ఎవరొచ్చి ఏం అడిగినా, "ఆలోచించుకుని రేపు రండి" అంటారు. అందుకే వీధంతా ఆయన్ని రేపు మాస్టారు అంటుంది. ఆయన భార్య ఇంకా చాలానే అంటుంది.

ఆవిడ తీరు వేరు. పెళ్ళికి కూడా ఆలోచించలేదు. తనే వెళ్ళి "నన్ను చేసుకుంటావా?" అని అడిగింది. "రేపు చెప్తా" అన్నారాయన. ఆ రేపు వచ్చేసరికి రెండు వానాకాలాలు వెళ్ళిపోయాయి. అప్పుడే తప్పుకోవాల్సింది అని, కొట్టులో కుర్చీ తుడిచినప్పుడల్లా అనుకుంటుంది. ఎవరూ కూర్చోని కుర్చీని రోజూ తుడవడం కంటే వెగటు పని ఆవిడకి తెలియదు.

ఒకసారి ఒకతను గుండెల మీద ప్రియురాలి పేరు పొడవమన్నాడు. రేపు రమ్మన్నారు. మర్నాడు వచ్చి వేరే పేరు చెప్పాడు. మాస్టారు గర్వంగా భార్య వైపు చూశారు.

"చూశావా?"

"చూశాను. ఎదురుకొట్టువాడైతే మొదటిది పొడిచేవాడు, దాన్ని చెరిపేవాడు, రెండోదీ పొడిచేవాడు. మూడు బేరాలు. మీకు గుండు సున్నా."

ఆ రెండో పేరుకి కూడా మాస్టారు రేపే అన్నారు. అతను మళ్ళీ రాలేదు.

అలాంటి కొట్టుకి ఒకరోజు ఒక అమ్మాయి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. చెయ్యి చాపి, "నమ్మను అని రాయండి. పెద్ద అక్షరాలతో" అంది.

"ఎవర్నమ్మా?"

"ఎవర్నీ."

"ఆలోచించుకుని రేపు రా."

మర్నాడు వచ్చింది. అక్షరాల సొగసు కుదరలేదన్నారు. ఆ మర్నాడు వచ్చింది. సూదులు మరిగించలేదన్నారు. ఇంకో రోజు వెలుతురు చాలదన్నారు, నడినెత్తిన ఎండ పెట్టుకుని. ఆ పిల్ల అరిచేది, తిట్టేది, మాస్టారి భార్య ఇచ్చిన టీ తాగేది, వెళ్ళేది. టీ తాగుతూ ఒక్కో ముక్క చెప్పేది. తను ప్రాణంగా చూసుకున్నవాడు తన చెల్లెల్నే పెళ్ళి చేసుకున్నాడట. ఇంట్లోవాళ్ళు కూడా సర్దుకుపొమ్మన్నారట.

మాస్టారి భార్య ఖాళీ టీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "ఆ పిల్ల బాధ చూస్తూ కూడా రేపేనా? మీది మనసా, బండరాయా?"

మాస్టారు రంగు సీసా మూత బిగించారు. "దానికి జవాబు..."

"రేపు చెప్తారు. తెలుసు."

ఇక లాభం లేదనుకుంది. ఆ కొట్టు ఆవిడ తండ్రిది. మాస్టారి కంటే ముందు సూది పట్టింది ఆవిడే. మాస్టారు రంగులు కొనడానికి వెళ్ళిన పూట ఆ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టింది. "నేను పొడుస్తాను. నీకిష్టమేనా?"

"ఇష్టమే పిన్నీ."

'న' పూర్తయింది. రెండో అక్షరానికి సూది ముంచుతుంటే ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆపండి పిన్నీ."

"నొప్పెట్టిందా?"

"నొప్పి కాదు. ఇది అయిపోతే రేపు ఇక్కడికి రావాల్సిన పనుండదుగా." తల దించుకుంది. "రేపు రమ్మన్నారని పొద్దున్నే లేస్తున్నాను. లేకపోతే ఎందుకు లేవాలో నాకు తెలీదు."

మాస్టారి భార్య సూది పక్కన పెట్టేసింది. ఇన్నాళ్ళూ తను తిట్టిన మాట పట్టుకునే ఈ పిల్ల బతికి ఉందన్నమాట. అది ఒప్పుకోవడం చేదు మాత్ర నమిలినట్టే ఉంది.

అంతలో మాస్టారు వచ్చారు. ఆ పిల్ల చేతి మీద ఒంటరిగా ఉన్న 'న'ని చూశారు. భార్యని చూశారు. ఇక పెద్ద గొడవేనని ఆవిడ నడుం బిగించింది. ఆయన మాత్రం సంచి కింద పెట్టి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"నమ్మకం సంగతి నీ ఇష్టం. 'నవ్వు' అని పూర్తి చెయ్యనా?"

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

మాస్టారి భార్య గోడ పట్టుకుంది. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, చాలా రోజుల తర్వాత పళ్ళు కనపడేలా నవ్వి, చెయ్యి చాపింది.

"మరి రేపు?" అంది పని అయ్యాక.

"రావాలిగా. కట్టు విప్పి చూడద్దూ?" అంది మాస్టారి భార్య, మాస్టారు ఆలోచించుకునేలోపే.

ఆ పిల్ల ఇప్పటికీ వస్తుంది. టీ తాగుతుంది. ఎవరైనా ఆ చెయ్యి చూసి బాగుందంటే, మాస్టారి భార్య మొదటి అక్షరం తనదేనని చెప్పుకుంటుంది. అది కొంచెం వంకరగా ఉందని మాస్టారు ఇంతవరకూ అనలేదు.