సూదక్క రాసిన ‘లేవు’

ఆ చేతికి పంతొమ్మిదేళ్లుగా చెడ్డపేరు లేదు. నరం దొరకని ముసలివాళ్లు, సూది కనబడగానే కుర్చీతో సహా వెనక్కి జరిగే మగవాళ్లు, సెలైన్లు ఎక్కించుకుని ఎక్కించుకుని నరాలు గట్టిపడిపోయిన రోగులు ఆ రక్తపరీక్షల కేంద్రంలోకి వస్తూనే అడిగేది ఒకటే మాట: “సూదక్క ఉందా?” ఉంటే కూర్చునేవాళ్లు. లేదంటే రేపొస్తామని వెళ్లిపోయేవాళ్లు. అసలు పేరు జీతాల చిట్టాలో తప్ప ఎక్కడా మిగల్లేదు ఆమెకు.

అలాంటి చెయ్యి ఒక మంగళవారం పొద్దున వణికింది. కుర్చీలో ఉన్నది పాత లారీ డ్రైవరు. నరం మోచేతి దగ్గర తాడులా కనిపిస్తూనే ఉంది. సూది పక్కకు పోయింది. చర్మం కింద నీలంగా ఉబ్బు లేచింది. “పర్వాలేదులేమ్మా, నా స్టీరింగూ అప్పుడప్పుడూ ఇలాగే లాగేది,” అన్నాడాయన. తిట్టి ఉంటే కొంత తేలికపడేది ఆమె.

అద్దాల గదిలోంచి మేనేజరు చూశాడు. సాయంత్రం పిలిచి, “అక్కా, ఒంట్లో బాగోకపోతే మొహమాటపడకండి. సూదికి కొత్తమ్మాయిని చూస్తాను. మీరు ఫోన్లు చూసుకుందురు,” అన్నాడు. ఎంతో దయగా అన్నాడు. ఫోన్లు చూసుకునేవాళ్ల జీతం ఎంతో, వాళ్లను ఎన్నాళ్లకోసారి మారుస్తారో ఆమెకు తెలుసు.

చెయ్యి ఎందుకు వణికిందో కూడా ఆమెకు తెలుసు. కనీసం తెలుసుననుకుంది. నాలుగు రోజుల కిందట సిబ్బందికి ఏటా చేసే పరీక్షల్లో ఆమె థైరాయిడ్ రిపోర్టు తేడాగా వచ్చింది. రోజూ వందమంది రిపోర్టులు కవర్లలో పెట్టే మనిషి. ఒక అంకె దాదాపు సున్నా, ఇంకొక అంకె గీత దాటి పైన. గ్రంథి అతిగా పనిచేస్తోందని అర్థం. డాక్టరు కాగితం చూసి, “గుండెదడ ఉందా? చేతులు వణుకుతున్నాయా?” అని అడిగాడు.

“లేదు సార్.”

“మొదలవుతుంది. వేరే మందులేమైనా వాడుతున్నారా?”

“లేవు సార్.”

“మళ్లీ ఒకసారి చేయించండి. ఇలాగే వస్తే సోమవారం నుంచి మందు వేద్దాం. దానికీ లొంగకపోతే గ్రంథి సంగతి ఆలోచిద్దాం.”

‘మొదలవుతుంది’ అన్న ఆ ఒక్క మాట ఆమె వెంట ఇంటిదాకా వచ్చింది. చేతులు ముందుకు చాచి, వేళ్ల మీద ఒక కాగితం పెట్టుకుని చూసుకోవడం మొదలుపెట్టింది. కాగితం అంచులు అల్లల్లాడాయి. 

“ఫ్యాను ఆపి చూసుకోవే,” అంది అత్తగారు మంచం మీంచి.

ఫ్యాను ఆపింది. అప్పుడూ అల్లాడింది, కాస్త తక్కువగా.

“ఇప్పుడు నీ భయాన్ని కూడా ఆపి చూడు. దానికి స్విచ్చు ఎక్కడుందో మరి,” అంది ఆవిడ.

ఇక్కడ ఆమె మొహం గురించి చెప్పాలి. నలభై దాటాక రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. పద్దెనిమిదేళ్లు పరీక్షల కేంద్రం వెనకగదిలో పనిచేసినంత కాలం ఆ మచ్చల ఊసు ఎవరూ ఎత్తలేదు. నిరుడు కేంద్రానికి కొత్త అద్దాలు బిగించి, సూది కుర్చీని వీధివైపుకు తెచ్చి పెట్టారు. “వచ్చినవాళ్లకి ముందు కనిపించేది మీ మొహమే అక్కా, కొంచెం చూసుకోండి,” అన్నాడు మేనేజరు. వెనకగదిలో యంత్రాలు నడిపే పెద్దాయన, అందరూ మిషన్ బాబాయి అని పిలిచే ఆయన, మొహం నిండా గుంటలే. ఆయనతో ఆ మాట ఎవరూ అనలేదు. మగవాడికి పని వస్తే చాలు. ఆడదానికి చేతిలో ఎంత పనితనమున్నా, జీతంలో సగం మొహానికే ఇస్తున్నామనుకుంటారు యజమానులు.

సరే, మొహం చూసుకుంది. చూసుకోవడంలో కూడా పనిమంతురాలే. గుడ్డిగా సీసా కొనే రకం కాదు. నెల్లాళ్లు వెతికింది. పది రోజుల్లో మెరుపు ఖాయమన్నదాన్ని పక్కన పెట్టింది. ఖాయమన్న మాట పట్టి చూస్తేనే మోసం తెలిసిపోతుందని ఆమె లెక్క. ఏ దినుసు ఎంతుందో చెప్పకుండా ‘ప్రత్యేక మిశ్రమం’ అని సరిపెట్టినదాన్ని వద్దనుకుంది. చీటీ లేకుండా చేతిసంచుల్లో తిరిగే డబ్బాలను ముట్టలేదు. చివరికి సీలు సరిగ్గా ఉండి, బ్యాచి నంబరు, గడువు తేదీ, లైసెన్సు నంబరు ఉండి, ప్రతి దినుసూ ఎంతుందో విడివిడిగా చెప్పి, బయటి పరీక్షశాల ముద్ర కూడా వేసుకున్న సీసా ఎంచుకుంది. దాని మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలు చర్మానికి మంచిదనే విటమిన్ బయోటిన్‌వి. పదివేల మైక్రోగ్రాములు. పదివేలు అన్న అంకె ఘనంగానే అనిపించింది.

“మొహం బయటుంటే బిళ్ల లోపలికి వేస్తావేంటే? దానికి దారెలా తెలుస్తుంది?” అని అడిగింది అత్తగారు.

“అందం లోపలి నుంచే రావాలత్తయ్యా.”

“అవునా! నాది ఏ మలుపులో ఆగిపోయిందో మరి.”

రోజూ తెల్లవారి ఐదున్నరకు ఒక మాత్ర, గ్లాసుడు నీళ్లు. ఆరున్నరకు కేంద్రం తాళం తీసేది ఆమే. సిబ్బంది పరీక్షల రోజున కూడా అంతే. ఖాళీ కడుపుతో వచ్చానన్న ధీమాతో తన ఎడమచేతికి తనే రబ్బరు పట్టీ బిగించుకుని, కుడిచేత్తో తనే రక్తం తీసుకుంది. ఫారంలో ‘ప్రస్తుతం వాడుతున్న మందులు’ అని ఉన్నచోట ‘లేవు’ అని గుండ్రంగా రాసింది.

బుధవారం రెండోసారి పరీక్షకు ఇచ్చింది. ఈసారి అంకెలు మరీ ఘోరంగా వచ్చాయి. ఆమెకేం తెలుసు? ఒంట్లో సత్తువ తగ్గుతోందేమోనన్న భయంతో మంగళవారం, బుధవారం మాత్రలు రెండేసి వేసుకుంది.

గురువారం పొద్దున ఆమె కుర్చీ ఎదుట నిలబడటానికే జంకింది. ఒకరి తర్వాత ఒకరు. ప్రతి సూదికీ ముందు ఊపిరి బిగబట్టడం, నరం దొరకగానే వదలడం. అద్దాల గదివైపు చూడకూడదనుకుంటూనే చూడటం. పదో నంబరుగా బస్సు కండక్టరు వచ్చి కూర్చుంది. యూనిఫాం, భుజాన సంచి, మొహంలో తొందర.

“తొందరగా కానీ అక్కా, డ్యూటీకి గంట టైముంది. పోయిన నెల ఇక్కడే తీశావు, గుర్తుందా? థైరాయిడ్ ఎక్కువని వచ్చింది. మూణ్ణాలుగు వారాల్నుంచీ బిళ్లలు మింగుతున్నా. అప్పుడు బాగానే ఉన్నా, ఇప్పుడు చూడు, నిలబడే నిద్రపోతున్నా. నిన్నొకాయన నన్ను లేపి టిక్కెట్టు తీసుకున్నాడు.”

సూదక్క ఫారం మీద పెన్ను పెట్టింది. “ఆ బిళ్ల కాకుండా వేరే మందులేమైనా?”

“లేవక్కా.”

‘లేవు’ అని రాసింది. కండక్టరు పాత రిపోర్టు కోసం సంచిలో చెయ్యి పెట్టి కెలికింది. టిక్కెట్ల మిషను, అద్దం, రుమాలు, వాటి వెనకే ఒక సీసా దొర్లుకుంటూ వచ్చి సూదుల ట్రేకి తగిలి ఆగింది.

అదే సీసా.

“ఇదేంటి?” అంది సూదక్క.

“ఏది, ఇదా? చర్మానికీ జుట్టుకీ. మంచిదని మా డిపోలో అందరం ఇదే వాడతాం. ఇందాకే ఒకటి వేసుకున్నా.”

“మరి మందులు లేవన్నారు?”

“ఇది మందేంటక్కా! రోగముంటే వేసుకునేది మందు.”

సూదక్క పెన్ను కింద పెట్టింది. తన ఫారం, తన గుండ్రటి ‘లేవు’ కళ్లముందు నిలిచాయి. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎన్ని వేలసార్లు అడిగిందో! అడిగిన మనిషే తనను తాను ప్రశ్నించుకున్నప్పుడు అబద్ధం రాసింది. అది అబద్ధమని తనకే తెలియకుండా.

“ఒక్క నిమిషం కూర్చోండి,” అని సీసా పట్టుకుని వెనకగదిలోకి పోయింది.

“బాబాయ్, ఈ మిషను థైరాయిడ్‌ని ఎలా పట్టుకుంటుంది?”

మిషన్ బాబాయి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. “పెళ్లయిన పంతొమ్మిదేళ్లకి మొగుడి పేరడిగినట్టుందే నీ యవ్వారం.”

“చెప్పు బాబాయ్, నవ్వులాట కాదు.”

“జిగురుతో పట్టుకుంటుంది. ఆ జిగురుకి అతుక్కునే కొక్కెం బయోటిన్. అది...” “ఇలాంటిదే నేనూ రోజూ మింగుతున్నా,” అంటూ ఆమె సీసా తిప్పి పదివేల అంకె చూపించింది. ఆయన లేచి, రసాయనాల పెట్టె తెరిచి, పదహారు మడతల కాగితం ఒకటి బయటికి తీశాడు. చీమతలంత అక్షరాలు. భూతద్దం పెట్టి వేలితో వెతుక్కుంటూ పోయి ఒకచోట ఆగాడు. బయోటిన్ ఎక్కువ మోతాదులో తీసుకునేవారి ఫలితాలు తప్పుగా రావచ్చు.

“బస్సులో సీట్లన్నీ ముందే నిండిపోతే టిక్కెట్టున్నవాడు కూడా నిలబడాల్సిందే కదా,” అన్నాడు మెల్లగా. “నువ్వు మింగిన బయోటిన్ వెళ్లి జిగురు మీద కూర్చుంది. మిషనులోని కొక్కేనికి చోటు లేదు. మిషను తలకిందులు లెక్క చెప్పింది.”

“అంటే ఈ మాత్ర నకిలీదా?”

“నకిలీదైతే నీకేమీ అయ్యేది కాదే పిచ్చిదానా! సుద్దముక్క మింగినట్టుండేది. రాసినదంతా నిజంగా ఉన్న సరుకే ఏరికోరి తెచ్చుకున్నావు. ఒంటికి రోజుకి కావలసింది ముప్పయ్యో నలభయ్యో మైక్రోగ్రాములు. నువ్వు పదివేలు పోస్తున్నావు.” ఆయన కాగితం మళ్లీ మడవలేక అలాగే పట్టుకున్నాడు. “పెట్టె విప్పినప్పుడల్లా దీన్ని బుట్టలో వేసేది నేనే. ఒక్కసారీ చదవలేదు.”

ఆమె తిరిగొచ్చి కండక్టరుతో, “ఇవాళ రక్తం తీయను. ఈ సీసాలో మాత్రలు ఆపి సోమవారం రండి. థైరాయిడ్ బిళ్ల సంగతి నేను చెప్పకూడదు. ఈ సీసా తీసుకెళ్లి ఇవాళే మీ డాక్టరుకి చూపించండి. ఇవాళే,” అంది.

“సోమవారం మళ్లీ పర్మిషనెవడిస్తాడక్కా నాకు? మీ బాబా?” కండక్టరు విసుక్కుంటూ లేచింది. కానీ సూదక్క మొహంలో ఏం కనిపించిందో, సీసాను సంచి అడుగున కాకుండా చేతిలో పట్టుకునే బయటికి నడిచింది.

తర్వాతి మూడు రోజులూ సూదక్కకు కుదురు లేదు. మాత్ర వేసుకోలేదు. తప్పు మాత్రదే అయితే సరే. కాకపోతే? నిజంగానే గ్రంథి చెడి, తను సాకులు వెతుక్కుంటోందేమో! శుక్రవారం ఒక సూది తప్పింది. శనివారం తప్పలేదు. ఆదివారం ఇంట్లో కాగితం వేళ్ల మీద పెట్టుకోబోతే అత్తగారు లాక్కుని, “రేపు మిషను చెబుతుందిగా, ఇవాళ దీన్నెందుకు చంపుతావు,” అని ఉండచుట్టి పారేసింది.

సోమవారం తెల్లవారి ఉత్త నీళ్లు తాగి వెళ్లింది. తన చేతికి తనే సూది పొడుచుకుంది. బాబాయి గొట్టాన్ని మిషన్లో పెట్టాడు. ఆమె పక్కనే నిలబడింది. కుర్చీ దగ్గర జనం పెరుగుతున్నారు, “సూదక్కా!” అని కేకలేస్తున్నారు. కదల్లేదు.

కాగితం బయటికొచ్చింది. రెండంకెలూ గీతల లోపలే ఉన్నాయి.

మూడుసార్లు చదివింది. ఏడుపొస్తుందనుకుంది. కోపం వచ్చింది.

డాక్టరు ఫోన్లో విని, మందు అక్కర్లేదన్నాడు. “ముందే చెప్పొద్దా అమ్మా?” అని కూడా అన్నాడు. చెప్పొద్దా అనడం ఎంత సులువో! మందులా అని అడిగితే లేవనే అంటారు. మింగేవి ఏమిటని ఎవరడిగారు? మందు కాదు, ఆహారమేనని అమ్మినవాడు అడగడు, మెరుపని పొగిడినవాడు అడగడు, పరీక్ష చేసేవాడూ అడగడు. తప్పు మాత్రం మింగినదానిదే.

ఆమె మేనేజరు దగ్గరికెళ్లింది. “సార్, ఫారంలో ఆ ప్రశ్న మార్చాలి.”

అంతా విన్నాడు. “ఫారం హెడ్డాఫీసు నుంచి వస్తుందక్కా. మన చేతుల్లో లేదు. పైగా ఇలాంటివి అడిగి జనాన్ని భయపెడితే పక్క సెంటరుకి పోతారు.” ఆయన వెనక అరలో కొత్తగా పెట్టిన మెరుపు సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. పరీక్షల ప్యాకేజీతో పాటు ఒకటి ఉచితమట.

పది గంటలకు కండక్టరు వచ్చింది. “చూపించా అక్కా సీసా. డాక్టరు మొహం మాడిపోయింది. రెండు బిళ్లలూ ఆపి ఇవాళ రక్తమిమ్మన్నాడు.” చెయ్యి చాపింది. సూదక్క నరం మీద వేలు పెట్టి చూసింది. సూది ఒక్కసారికే దిగింది. రక్తం గొట్టంలోకి నిలకడగా వచ్చింది. తన చెయ్యి తనకు తిరిగొచ్చిందని ఆమె అప్పుడు గమనించను కూడా లేదు. ఆమె మనసు బీరువాలో ఉంది.

బీరువాలో పాత ఫారాల కట్టలున్నాయి. అన్నిటిమీదా తన అక్షరాలే. లేవు. లేవు. లేవు. వాళ్లలో ఎందరి సంచుల్లో సీసాలున్నాయో! ఎందరు లేని జబ్బుకు మందు మింగుతున్నారో! ఉన్న జబ్బు లేదనుకుని ఎందరు నిశ్చింతగా ఉన్నారో!

జనం తగ్గాక ఆ నెల కట్ట బల్లమీదికి తెచ్చి, థైరాయిడ్ తేడా వచ్చినవి ఏరి పక్కన పెట్టి, ఫోను దగ్గరికి లాక్కుంది. మచ్చల మొహంతోనే, వీధివైపు తిరిగి.

అద్దాల తలుపు తెరుచుకుంది. “ఏం చేస్తున్నారక్కా?”

“మీరన్నదే సార్. ఫోన్లు చూసుకుంటున్నాను.”

ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆ నిలబడటం ఎటు పోతుందో ఆమెకు తెలుసు. అయినా నంబరు నొక్కింది. అవతల ఎవరో ఎత్తారు.

“అమ్మా, పరీక్షల సెంటరు నుంచి. మందులు కాదమ్మా, మొహానికో, జుట్టుకో, బలానికో, రోజూ ఏదైనా మింగుతున్నారా?”

ఒక ఆడగొంతు కొంచెం సిగ్గుగా అంది: “అవునండీ. ఎందుకూ?”