చుట్టాలతో కాంతి కొలత

హైదరాబాదులో లేజర్ల మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో అక్క పెళ్లికి భైంసా వచ్చాను. బాపుకు, అంటే మా నాన్నకు, అక్కడ రైతుల పత్తిని షావుకార్లకు అమ్మించే దుకాణం. పెళ్లికి ముందురోజు పందిట్లో అందరి ముందే తేల్చేశాడు.

"నువ్వు జేసే పనేందో నాకు సమజ్ జేయి. జేస్తే మళ్ల పో. లేకుంటే దుకాణంల కూసో."

రెప్పపాటును కోటి ముక్కలు చేసి, అందులో ఒకదాన్ని మళ్లీ లక్ష ముక్కలు చేస్తే, ఆ ఒక్క ముక్క సేపే వెలిగే కాంతిని నేను కొలవాలి. దాన్ని పట్టే గడియారం లేదు. అందుకని ఆ వెలుగునే రెండు పాయలు చేసి, ఒకదాన్ని కాస్త చుట్టుదారిన పంపి, ఒక స్ఫటికంలో మళ్లీ కలుపుతాం. రెండూ కలిసి ఉన్నంతసేపే కొత్త రంగు పుడుతుంది. చుట్టుదారిని కొంచెం కొంచెం పెంచుతూ పోతే ఆ రంగు ఎక్కడ మాయమవుతుందో, దాన్నిబట్టి కొలత అని చెప్పాను.

"దాన్ని దాంతోనే కొలుస్తరా? తూకం రాయిని గదే రాయితోని తూస్తే మార్కెట్ యార్డుల చెప్పుతోని కొడ్తరు," అన్నాడు బాపు.

చేసి చూపిస్తానన్నాను. ఖాళీగా ఉన్న చుట్టాలను రెండు గుంపులు చేశాను. మేనమామ గుంపు జిన్నింగు మిల్లు వైపు నుంచి, బాపు తమ్ముడు కాక గుంపు బస్టాండు వైపు నుంచి వచ్చి, దుకాణం ముందు ఒకరినొకరు దాటాలి. దాటుతున్నంతసేపే డప్పు మోగాలి. ఎంతసేపు మోగితే గుంపు అంత పొడుగు.

బాపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎవరూ రాలేదు.

వెళ్లి చూస్తే మామ సందు మూల మీద బీడీ కాలుస్తున్నాడు.

"ఎదురుకోళ్లల్ల ముందుగాల పోయినోడు చిన్నగైతడు. మీ కాకను రానీ."

పెళ్లిలో రెండు వైపులవాళ్లూ నడిదారిలో కలుసుకునే వేడుక ఎదురుకోళ్లు. ఇది అది కాదు, భౌతికశాస్త్రం అని చెప్పాను.

"ఏదన్న గానీ. రానీ."

అటు మూలన కాక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీ మామ జర ముందలికొస్తే అరిగిపోతడా?"

డప్పులవాళ్లు చాయ్ తాగడానికి పోయారు.

"ఏం కనవడ్తలే, ఏం ఇనవడ్తలే. గిదేనా నీ పని?" అన్నాడు బాపు.

"ల్యాబుల గూడ చాన దినాలు గింతే బాపు."

బాపు నన్ను చూశాడు. తర్వాత దుకాణంలోని పత్తి బస్తాలను చూశాడు.

"సొంత చుట్టాలనే కలుపరాలే, రైతును షావుకారిని నువ్వేం కలుపుతవ్? అప్పగింతలు కాంగనే బస్సెక్కు. దుకాణం జోలికి రాకు."

వెలుగుకు మేనమామలు లేరు కాబట్టి నా పరిశోధన పూర్తయింది.