పెట్టెలోకి పిలిచిన గొంతు

మిషిగన్‌లో ఒక జూలో, చదువులో భాగంగా ఏడాదిపాటు టామరిన్లను చూసుకున్నాను. గుప్పెడంత కోతులు, నెత్తిన తెల్లటి జుట్టు. కొలంబియా అడవుల్లో వీటికి చోటు తరిగిపోతోంది కాబట్టి, ఏ జూలోని ఆడదాన్ని ఏ జూలోని మగదానికి జత చేయాలో ఒక కమిటీ నిర్ణయిస్తుంది. నేనుండే నోవై ఊళ్ళో మా రూమ్మేట్‌కి ఇది చెబితే పడీపడీ నవ్వింది.

"అంటే మంకీస్‌కి మ్యారేజ్ బ్యూరో రన్ చేస్తున్నావన్నమాట! దీనికోసమా ఎమ్మెస్‌కి వచ్చావే?"

నవ్వితే నవ్వింది గానీ, నా పని పిలవడం. రోజూ పొద్దున చిన్న పెట్టె తలుపు తీసి పిలిస్తే కోతి లోపలికి రావాలి. తలుపు మూసి, బరువు చూసి, ద్రాక్ష ముక్క పెట్టి, వెంటనే తలుపు తీసేయాలి. పెట్టె అంటే భయం పోవడానికి ఈ అలవాటు. వయసుకొచ్చిన ఒక ఆడది మాత్రం ఎవరు పిలిచినా వచ్చేది కాదు. విసుగెత్తి ఒకరోజు తెలుగులో "రా తల్లీ" అన్నాను. వచ్చేసింది! ఇక నేనే పిలవాలి, తెలుగులోనే పిలవాలి. ఎంత మురిసిపోయానో. ఇంకొకరి పిలుపు కూడా అలవాటు చేయాలన్న బుద్ధి అప్పుడు లేకపోయింది.

చలికాలంలో దానికి వేరే రాష్ట్రంలో జత కుదిరింది.

"నువ్వు పిలిస్తేనే వస్తుంది. వల వేస్తే హడలిపోతుంది," అంది మా హెడ్ కీపర్, అమెరికనావిడ.

పిలవనని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆవిడ సంతకం లేకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే వీసా లేదు. పైగా ఆవిడ చెప్పింది నిజం. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. పిలిచాను. వచ్చింది. తలుపు మూశాను. ద్రాక్ష ముక్క తిని, తలుపు వైపు తిరిగి కూర్చుంది. వ్యాన్ ఎక్కించేదాకా అలాగే కూర్చుంది.

రెండు వారాలకు అక్కడి నుంచి మెయిల్ వచ్చింది. సరిగా తినడం లేదట, బరువు చూద్దామంటే పెట్టె దగ్గరికి రావడం లేదట, నా గొంతు రికార్డ్ చేసి పంపమన్నారు. పార్కింగ్‌లో, మంచు కప్పేసిన కారులో కూర్చుని, ఆ రెండు మాటలే పదిసార్లు అన్నాను. వణికినవి చెరిపేసి, మామూలుగా ఉన్నది పంపాను.

మర్నాడు వీడియో వచ్చింది. స్పీకర్‌లో నా గొంతు వినగానే అది తల తిప్పింది. గుర్తుపట్టింది, కళ్ళారా చూశాను. గబగబా పైకెక్కి ఆకుల చాటుకు పోయింది. స్పీకర్‌లో నేను మళ్ళీ పిలిచాను. ఇంకా వెనక్కి జరిగింది.

సిగ్గుతో ఏడుపొచ్చింది. ఈలతోనో గంటతోనో మొదటినుంచీ అలవాటు చేయండి, నా గొంతు మాత్రం దానికి మళ్ళీ వినిపించకండి అని రాశాను.